బంగారు రేకులు రాలిన ల్యాబు

మన బ్యాచ్ మళ్లీ కలిసే రోజు కోసం వేస్తున్న సంచికకి ఒక పేజీ రాయమని కమిటీ అడగగానే నేను హాస్టల్ కబుర్లే రాస్తానని మీరంతా అనుకుని ఉంటారు. అవి మన బుల్లెట్ గాడు రాస్తాడు. ఫస్టియర్ సంగతులు ఎవరైనా పంచుకోండి. నాకు మాత్రం కాలేజీ అంటే 1995 సెకండియర్ కెమిస్ట్రీ ల్యాబు, అందులో మనం అవక్షేపం మాష్టారు అని పిలుచుకున్న మన కెమిస్ట్రీ సారు.

ఆ మధ్యాహ్నం మూడో బల్ల దగ్గర, ఏ లోహం ఉందో కనిపెట్టమని మనకి ఇచ్చిన లవణం లెడ్ నైట్రేట్. పొటాషియం అయొడైడ్ చుక్కలు పడ్డాయో లేదో పరీక్షనాళిక నిండా చిక్కటి పసుపు. రికార్డులో లెడ్ అని రాసేస్తే ఇక బజ్జీల మావయ్య దగ్గరికే. మాష్టారు కదలనిచ్చారా! నీళ్లు పోసి మరిగించమన్నారు. మరిగేకొద్దీ పసుపు పలచబడి, చివరికి నాళికలో ఏమీ లేనట్టే అయింది. పంపు కింద పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. "దానంతటదే చల్లారనీరా, తొందరేం?" స్టాండులో పెట్టి నిలబడ్డాం. కాసేపటికి అడుగున ఒక మెరుపు, పక్కనే ఇంకోటి. చూస్తుండగానే బంగారు రేకులు గిర్రున తిరుగుతూ దిగడం మొదలైంది. కిటికీ వైపు బ్యాచ్ మొత్తం లేచి వచ్చింది, ఆఖరికి మన పంతులు గాడు కూడా!

"పోయిందనుకున్నారు కదా, నీళ్లలోనే అయాన్లుగా ఉంది" అన్నారు మాష్టారు. "కరగడానికి దానికి వేడి కావాలి. ఇస్తే సమతాస్థితి, అంటే కరగడానికీ తిరిగి స్ఫటికం కావడానికీ మధ్య తూకం, కరిగే వైపు జరుగుతుంది, తీసేస్తే వెనక్కి వస్తుంది." 20 డిగ్రీల దగ్గర 100 మిల్లీలీటర్ల నీళ్లలో లెడ్ అయొడైడ్ 0.07 గ్రాములు కరిగితే, మరిగే నీళ్లలో 0.4 గ్రాములు దాటుతుంది. ద్రావణీయతా లబ్ధం, అంటే లవణం నీళ్లలో ఎంత కరుగుతుందో తెలిపే స్థిరాంకం, పక్కన ఉష్ణోగ్రత రాయకపోతే ఆయన ఎర్ర సిరాతో ఎందుకు కొట్టేసేవారో నాకు ఆ రోజే అర్థమైంది.

అంతటితో ఆగలేదు. సున్నపు తేటని వేడి చేశారు, అది తెల్లగా మసకబారింది. కరిగేటప్పుడు వేడిని వదిలేది కదా, వేడి చేస్తే దాని సమతాస్థితి ఎదురు నడుస్తుంది. ఇక మన నౌపడ ఉప్పు? 20 డిగ్రీల దగ్గర 100 గ్రాముల నీళ్లలో 36 గ్రాములు, 100 డిగ్రీల దగ్గర 39. అంతే తేడా. అందుకే దాన్ని చల్లార్చరు, మళ్లలో ఎండబెడతారు. సమతాస్థితిని కదిలిస్తే అది ఆ మార్పుని తగ్గించే వైపు జరుగుతుందనే లీచాట్లియర్ సూత్రం నాకు ఇంత ఇష్టంగా ఇంకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు పరవాడ ఫార్మాసిటీలో క్రిస్టలైజేషన్ సెక్షన్, అంటే ద్రావణంలోంచి మందుని స్ఫటికాలుగా దించే విభాగం, మొత్తం నేనే చూస్తున్నాను. గబగబా చల్లారిస్తే మందు సన్నపిండిలా దిగి ఫిల్టర్ మూసుకుపోతుంది. గంటకి ఇన్ని డిగ్రీలని లెక్కగా దించి, సరైన చోట కొంచెం విత్తనం, అంటే అదే మందు చిన్న స్ఫటికాలు, వేస్తే స్ఫటికాలు ఒకే తీరుగా పెరుగుతాయి. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలు ఈ పనిలో గట్టివాళ్లని పేరు తెచ్చుకున్నారు.

మాష్టారు విశాఖలో అమ్మాయి దగ్గరికి వచ్చాక, అనుమతి తీసుకుని ఒకసారి ప్లాంటు చూపించాను. ట్యాంకు లోపల ఏం జరుగుతుందో కనిపించే సైట్ గ్లాస్ దగ్గర నిలబడి మా ఆపరేటర్ కుర్రాణ్ని అడిగారు, "ఇదే మామూలు ఉప్పయితే ఏం చేస్తావు బాబూ?"

"చల్లార్చి లాభం లేదండి, నీళ్లు ఆవిరి చెయ్యాలి."

ఆయన నా వైపు తిరిగారు. "నువ్వు చెప్పావా?"

"మీరు చెప్పిందే మాష్టారూ."

మనం కలిసే రోజు ఆయన్ని తీసుకొచ్చే పూచీ నాది. మెట్లు ఎక్కలేరు, కుర్చీ కిందే వెయ్యండి.