నాయిన పెన్నులోంచి ఎర్ర సిరా

మే నెలలో నల్లగొండ వెళ్ళినప్పుడు పట్టా కాగితాల కోసం ఇనుప బీరువా సర్దుతుంటే అడుగున మా నాయిన ఇంకు పెన్ను దొరికింది. లావుగా, నల్లగా, బొటనవేలంత మందం. రాజమండ్రి ఎబొనైట్ పెన్ను. 1930ల్లో గాంధీజీకి స్వదేశీ పెన్ను చేసిచ్చిన రత్నం గారి ఊరు అది. నాయిన లెక్కల సారు, రిటైరై పన్నెండేళ్ళు. పెన్ను కూడా అన్నేళ్ళుగా ఆ బీరువాలోనే ఉంది. క్యాప్ తిప్పితే కదల్లేదు. లోపల సిరా ఎండి బంకలా పట్టేసింది.

ఇక్కడ నేను చేసిన తెలివితక్కువ పని ముందే చెప్పేస్తాను. పప్పు మాడిన గిన్నెకు ఏం చేస్తామో అదే చేశాను. పొగలు కక్కే నీళ్ళు గ్లాసులో పోసి పెన్నును నిలువునా ముంచాను. పది నిమిషాల్లో క్యాప్ వచ్చేసింది, సంబరపడ్డాను. తుడిచి వెలుతురులో పెట్టి చూస్తే నల్ల పెన్ను కాస్తా బురద రంగుకు తిరిగింది. ఎబొనైట్ అంటే గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరు. వేడి నీళ్ళు తగిలితే దాని నలుపు పోతుంది. గోరువెచ్చటి నీళ్ళు దాటకూడదు.

నాయిన కూలరు ముందు కూర్చుని పేపరు చదువుతున్నాడు. పెన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఉడకబెట్టినవా?" అన్నాడు. మళ్ళీ పేపరు చదువుకున్నాడు. తిట్టినా బాగుండేది.

తర్వాత చల్లటి బోరు నీళ్ళతో మొదలుపెట్టాను. మా నీళ్ళ సంగతి నల్లగొండ వాళ్ళకు చెప్పనక్కర్లేదు. అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ, ఇక్కడ నాకు అడ్డుపడింది సున్నం. గీజర్ కాయిల్‌కు పట్టే తెల్ల పొర ఉంది చూడండి, అదే ఆరిన పాళీ మీద సన్నగా కనిపించింది. సిరా పారే సందు తల వెంట్రుకంత ఉంటుంది, అందులో ఈ సున్నం కూడా చేరితే ఇంకేముంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోయడానికి తెచ్చిన డిస్టిల్డ్ వాటర్ డబ్బా మెట్ల కింద ఉంది. (యాసిడ్ కలిపినది కాదు, ఉత్త నీళ్ళు. లేబుల్ రెండుసార్లు చదివాను.) దాంతో పని నడిచింది.

పాళీ ఉన్న ముందు భాగాన్ని మాత్రం విప్పి స్టీలు గ్లాసులో నానబెట్టాను. "చాయ్ తాగే గ్లాసే దొరికిందా నీకు?" అని అమ్మ. గాజు గ్లాసుకు మార్చాను, అదే మంచిదైంది, లోపల ఏం జరుగుతోందో కనపడింది. మొదటి రోజు నీళ్ళు నల్లగా కనిపించేంత ముదురు నీలం. రెండో రోజు లేత నీలం. ఇక అయిపోయిందనుకుని మూడో రోజు పొద్దున నీళ్ళు మార్చి పెడితే, పాళీ కొస నుంచి ఎర్రటి దారం ఒకటి మెల్లగా కిందికి జారింది. అగరొత్తి పొగ తలకిందులైతే ఎలా ఉంటుందో అలా. గ్లాసు అడుగుకు చేరి అక్కడ పరుచుకుంది.

"దీంట్ల ఎర్ర ఇంకు ఎన్నడు పొయ్యలే" అన్నాడు నాయిన. రాత్రి అన్నం తింటూ తనే మళ్ళీ ఎత్తాడు. "ఒక్కపారి పోసిన. ఆఖరి ఏడాది పదో తరగతి పేపర్ల వాల్యుయేషన్ల ఎర్ర పెన్ను మొరాయిస్తే దీంట్లనే పోసిన, కడగకుండ. గప్పటి సంది రాస్తలేదు ఇది."

పన్నెండేళ్ళ రోగానికి కారణం అన్నం పళ్ళెం ముందు తేలిందన్నమాట. రెండు రకాల సిరాలు కలిస్తే ఒక్కోసారి అడుగున మడ్డి కడుతుంది. ఆ మడ్డే సందులో కూర్చుంది.

అంటే నానబెడితే చాలదు, పాళీ ఊడదీయాల్సిందే. సైకిల్ ట్యూబు ముక్కతో పాళీని, దాని కింది ఫీడ్‌ను (సిరాను పాళీకి అందించే గాడి ముక్క) కలిపి పట్టుకుని తిప్పకుండా తిన్నగా లాగాను. చాలాసేపు బెట్టు చేసి ఒక్కసారిగా ఊడొచ్చాయి. ఫీడ్ గాడిలో ముదురు ఊదా రంగు మడ్డి. పాత టూత్ బ్రష్, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క, అంతే. పాళీ చీలికలో బ్లేడు దూర్చాలని చేయి లాగింది గానీ ఆపుకున్నాను. చీలిక ఒకసారి వెడల్పయితే మళ్ళీ దగ్గరకు తేవడం నా వల్ల అయ్యే పని కాదు. కడిగాక పాళీ కొసను టిష్యూ కాగితానికి ఆనిస్తే లోపలి తడిని అదే పీల్చుకుంటుంది. ఆ మరక రంగు లేకుండా తెల్లగా వచ్చేదాకా కడుగుతూ పోయాను. ఏడుసార్లు పట్టింది.

ప్రకాశం బజారులో సిరా అడిగితే మొదటి షాపతను స్టాంప్ ప్యాడ్ ఇంకు తీసిచ్చాడు. అది పోశామంటే ఇంక పెన్ను మీద ఆశ వదులుకోవాల్సిందే. రెండో షాపులో కేమెల్ రాయల్ బ్లూ బుడ్డి దుమ్ము దులిపి ఇచ్చారు. మరలు వదులయ్యాయేమోనని వాటర్ ఫిల్టర్ రిపేరు చేసే అబ్బాయిని అడిగి సిలికాన్ గ్రీజు వేలికొసంత తెచ్చి రాశాను. "మేమైతే దారం పోగు చుట్టేటోళ్ళం" అన్నాడు నాయిన. ఫిల్లర్‌తో నేరుగా గొట్టంలోకే సిరా పోసి, మర బిగించి, పాళీ కిందికి పెట్టి కాసేపు వదిలేశాను. మొదటి గీత సగంలో ఆగి, తర్వాత పారింది.

ఆ ధీమాతో నాలుగు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. నాలుగో రోజు గడియారం సెంటర్ దగ్గర ఎవరో "అన్నా, జేబు చూస్కో" అన్నారు. గొట్టంలో సిరా అడుగుకు వచ్చినప్పుడు మిగతాదంతా గాలే కదా. ఒంటి వేడికి, నల్లగొండ ఎండకు ఆ గాలి వ్యాకోచించి సిరాను బయటికి తోస్తుంది. అప్పటి నుంచి సగానికి తగ్గగానే నింపేస్తున్నాను. చొక్కా మాత్రం ఇల్లు తుడిచే గుడ్డల్లో చేరింది.

తిరుగు ప్రయాణానికి ముందు రోజు పెన్ను నాయిన చేతికిచ్చాను. పాత క్యాలెండరు వెనక్కి తిప్పి పదిహేడో ఎక్కం మొత్తం రాశాడు, ఒక్క కొట్టివేత లేకుండా. బురద రంగు గురించి ఏమీ అనలేదు.

"ఆ షాపుల ఎర్ర ఇంకు గూడ ఉన్నదా?" అని మాత్రం అడిగాడు.