టాస్క్‌బార్‌లో ఉంది, తెర మీద లేదు: జింప్‌తో నా అనుభవం

నేను పడ్డ తిప్పలు ఇంకెవరూ పడకూడదని, కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

రామ్‌నగర్‌లో ఇంటి దగ్గరే ఫోటోల పని చేస్తాను. పెళ్లి ఆల్బమ్‌ల డిజైనింగ్ కొంత, పాత ఫోటోలు బాగుచేయడం ఎక్కువ. చిరిగిపోయిన బ్లాక్ అండ్ వైట్ ఫోటో పట్టుకొచ్చి "అక్కా, మా నాన్నది ఇదొక్కటే ఉంది" అనేవాళ్లే నా దగ్గరికి ఎక్కువ వస్తారు. పనంతా జింప్ అనే ఉచిత ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే. దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ నా కంప్యూటర్‌లో ఒక్కటి కూడా లేదు, ఆ మాట ఎవరి ముందైనా గర్వంగా చెబుతాను.

ఈసారి వచ్చింది దశదిన కర్మకి పెట్టే ఫోటో. ఎవరిదో పెళ్లిలో తీసిన గ్రూపు ఫోటోలోంచి పెద్దాయన ముఖం తీయాలి. ముఖం బొటనవేలి గోరంత ఉంది, ఎడమ చెవి మీదికి పక్కాయన భుజం వచ్చింది. దాన్ని 12 బై 18 అంగుళాలకి పెంచాలి. 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన 3600 బై 5400 పిక్సెళ్లు. చెవి గీసి, జుట్టు సరిచేసి, సేవ్ చేసి పడుకున్నాను. పొద్దున్నే జింప్ తెరిస్తే తెరుచుకోదు.

తెరుచుకోదు అంటే సరిగ్గా చెప్పాలి. మొదట వచ్చే స్ప్లాష్ బొమ్మ వస్తుంది, బ్రష్‌లు, ఫాంట్లు లోడవుతాయి, బొమ్మ పోతుంది. ఆ తర్వాత తెర మీద ఏమీ ఉండదు. కింద టాస్క్‌బార్‌లో మాత్రం గుర్తు ఉంటుంది, దాని కింద గీత కూడా ఉంటుంది. మౌస్ దాని మీద పెడితే అగ్గిపెట్టె అంత కిటికీ లేచి, అందులో జింప్ మొత్తం కనిపిస్తుంది. మెనూలు, టూల్‌బాక్స్, లేయర్లు అన్నీ ఉంటాయి. నొక్కితే బయటికి రాదు. క్రోమ్ వస్తుంది, ఫోల్డర్లు వస్తాయి, ఇదొక్కటే రాదు.

రీస్టార్ట్ చేశాను. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. లాభం లేదు. తెలిసినాయన ఒకరు ఫోన్‌లో "టాస్క్ మేనేజర్‌లో ఎండ్ టాస్క్ కొట్టి మళ్లీ ఓపెన్ చెయ్యమ్మా" అన్నారు. అదీ చేశాను. ఈ సలహా సంగతి తర్వాత చెబుతాను, గుర్తుపెట్టుకోండి.

ఫోటో ఇవ్వాల్సిన రోజు దగ్గరపడుతోంది. సీపీయూ ఆటోలో పెట్టుకుని ముషీరాబాద్ మీదుగా సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ కాంప్లెక్స్‌కి పోయాం, నేను, మా ఆయన. అక్కడ ఒక సర్వీస్ షాపు. పేరెందుకు.

కౌంటర్ దగ్గర కుర్రాడు సీపీయూని వాళ్ల మానిటర్‌కి తగిలించాడు. జింప్ మీద డబుల్ క్లిక్ చేశాడు. నా కళ్ల ముందే, తెర నిండా, ఏమీ ఎరగనట్టు తెరుచుకుంది. నాకు నోట మాట రాలేదు. మానిటర్ నా వైపు తిప్పి, అందరికీ వినబడేలా "ఏది మేడమ్ ప్రాబ్లం?" అన్నాడు. ఇంట్లో రావడం లేదని చెప్పాను. టాస్క్‌బార్‌లో చిన్న బొమ్మ కనబడుతుందని, నొక్కితే రాదని చెప్పాను. "డబుల్ క్లిక్ చేస్తున్నరా, సింగిల్ క్లిక్ చేస్తున్నరా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పేలోపే "ఇంట్ల పిల్లలెవరన్న ఉంటే ఒకసారి చూడమనండి" అన్నాడు. పక్కన ప్రింటర్ పట్టుకుని నిలబడ్డ ఇద్దరు నవ్వారు. మా ఆయన ముఖం ఎర్రబడింది. ఈ పని చేసి ఇల్లు నడుపుతున్నదాన్ని నేను. నాకు డబుల్ క్లిక్ నేర్పుతాడా!

అంతటితో ఆగలేదు. లోపలి నుంచి ఓనర్ వచ్చి తెర చూసి, "ఫ్రీది వాడితే గిట్లనే ఉంటది మేడమ్. సీ డ్రైవ్ ఫార్మాట్ కొట్టి, విండోస్ కొత్తగా ఏసి, అసలు సాఫ్ట్‌వేర్ ఏసిస్త" అన్నాడు. అసలు సాఫ్ట్‌వేర్ అంటే ఆయన లెక్కలో క్రాక్ చేసిన కాపీ. నేను ఊరుకోలేదు. జింప్‌ని బెర్క్‌లీ యూనివర్సిటీలో చదువుకునే ఇద్దరు విద్యార్థులు, స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ మొదలుపెట్టారని, 1996 నుంచి జనం వాడుతున్నారని, దాని కిటికీలు, బటన్లు గీయడానికి తయారైన జీటీకే మీదే లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లో గ్నోమ్ డెస్క్‌టాప్ నడుస్తోందని చెప్పాను. ఉచితం అంటే నాసిరకం కాదు, చేసినవాళ్లు మనకి ఇచ్చారు కాబట్టి ఉచితం అన్నాను. ఆయన విన్లేదు. చెకింగ్ చార్జీ ఐదు వందలు అన్నాడు. కుర్రాడు జింప్‌ని మూయను కూడా మూయకుండా పవర్ బటన్ నొక్కి పట్టుకుని సీపీయూ ఆపేశాడు. ఇది కూడా గుర్తుపెట్టుకోండి.

ఇంటికొచ్చాక మా ఆయన ఏ తీగ ఏ రంధ్రంలోంచి తీశారో ఆ రంధ్రంలోనే జాగ్రత్తగా గుచ్చారు. ఆన్ చేశాం. జింప్ నొక్కాను. స్ప్లాష్ వచ్చింది, పోయింది. మళ్లీ ఏమీ లేదు. షాపులో ఉన్నది ఇంట్లో ఎట్లా పోతుంది? ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

దొరికింది మౌస్ వల్ల. కోపంతో మౌస్‌ని గట్టిగా కుడివైపు తోస్తే బాణం గుర్తు తెర అంచు దగ్గర ఆగాలి కదా, ఆగలేదు. అంచు దాటి మాయమైంది. ఎడమకి లాగితే తిరిగొచ్చింది. అంటే నా తెరకి కుడిపక్కన ఇంకో తెర ఉన్నట్టు కంప్యూటర్ అనుకుంటోంది. డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచి చూస్తే 1, 2 అని రెండు పెట్టెలు. ఆ రెండోది ఏమిటా అని సీపీయూ వెనక్కి వంగి చూస్తే నల్లటి హెచ్‌డిఎంఐ తీగ, గోడ వెంబడి పోయి హాల్లో టీవీకి తగిలి ఉంది.

టీవీ ఆన్ చేసి సోర్స్ మార్చాను. గోడ మీద నిలువెత్తు జింప్ కూర్చుని ఉంది.

సంగతేమిటంటే, ఇదంతా మొదలయ్యే ముందు రోజు సాయంత్రం చుట్టాలొస్తే, నేను వంటింట్లో ఉండగా మా మరిది నేను బాగుచేసిన వాళ్ల నానమ్మ ఫోటో పెద్దగా చూపిద్దామని టీవీకి తీగ తగిలించి, విండోస్ కీ, పీ కలిపి నొక్కి ఎక్స్‌టెండ్ పెట్టి (అంటే రెండు తెరల్నీ పక్కపక్కన ఒకే పెద్ద తెరలా కలిపి), జింప్‌ని టీవీ మీదికి లాగాడు. చూపించాక అక్కడే మూసేశాడు. రాత్రి నేను పనికి కూర్చున్నది లాప్‌టాప్ మీద కాబట్టి నా కంట పడలేదు. టీవీని రిమోట్‌తో ఆపినా, తీగ గుచ్చి ఉన్నంతసేపూ చాలా టీవీలు కంప్యూటర్‌కి కనబడుతూనే ఉంటాయి.

జింప్‌ని పద్ధతిగా మూసినప్పుడు తన కిటికీ ఎక్కడుందో ఒక ఫైల్‌లో రాసుకుంటుంది, మళ్లీ తెరిచినప్పుడు అక్కడికే పోతుంది. ఎండ్ టాస్క్ కొడితే ఆ రాత పని జరగదు, పాత చోటే మిగిలిపోతుంది. షాపులో టీవీ లేదు కాబట్టి ఉన్న ఒక్క తెర మీదికి వచ్చింది. ఆ కుర్రాడు దాన్ని సక్రమంగా మూసి ఉంటే కొత్త చోటు రాసుకునేది, ఇంట్లో కూడా సరిపోయేది. పవర్ బటన్‌తో చంపాడు. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా పోకపోవడానికీ ఇదే కారణం. ఆ ఫైల్ ప్రోగ్రామ్ ఫోల్డర్‌లో ఉండదు, మన యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, రోమింగ్, జింప్, 2.10 లోపల ఉంటుంది. దాని పేరు సెషన్‌ఆర్‌సీ (sessionrc). ఆ ఫోల్డర్ జోలికి అన్‌ఇన్‌స్టాల్ పోదు.

బయటికి తేవడం అరనిమిషం పని. టాస్క్‌బార్‌లో గుర్తు నొక్కి, విండోస్, షిఫ్ట్, ఎడమ బాణం కలిపి నొక్కాను. ఎగిరి నా తెర మీద వాలింది. అప్పుడు ఫైల్ మెనూలో క్విట్ కొట్టి మూశాను, మళ్లీ తెరిస్తే నా ఎదురుగానే వచ్చింది. ఆ తర్వాతే తీగ పీకాను.

రెండో తెర అసలు లేకపోయినా కిటికీ కనబడకపోతే ఆల్ట్, స్పేస్ నొక్కి, ఎమ్ నొక్కి, బాణం కీ ఒకసారి కొట్టి మౌస్ కదపండి, కిటికీ మౌస్‌కి అంటుకుని వస్తుంది. అదీ కాకపోతే జింప్ మూసి ఉండగా ఆ సెషన్‌ఆర్‌సీ ఫైల్‌ని పక్కకి తీసేయండి, జింప్ కొత్తది రాసుకుంటుంది. నాది జింప్ 2.10 వెర్షన్, 3.0 వాడేవాళ్లకి ఆ ఫోల్డర్ పేరు 3.0 అని ఉంటుంది. జింప్ కనబడుతూనే ప్యానెళ్లు మాత్రమే చెల్లాచెదురైతే ప్రిఫరెన్సెస్‌లో విండో మేనేజ్‌మెంట్ కింద కిటికీల చోట్లు రీసెట్ చేసే బటన్ ఉంది. టూల్‌బాక్స్, లేయర్లు ఒక్కసారిగా మాయమైతే మాత్రం కంగారుపడకండి, ట్యాబ్ కీ తగిలి ఉంటుంది, మళ్లీ ట్యాబ్ నొక్కండి. ఫోటోషాప్‌లోనూ ట్యాబ్ కీ ఇదే పని చేస్తుంది. కొత్తగా నేర్చుకునే ఆడపిల్లలు ఇద్దరు ముగ్గురు ఇదే ఏడుపుతో నాకు ఫోన్ చేశారు, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఫార్మాట్ అనే మాట ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోకండి. టాస్క్‌బార్‌లో బొమ్మ కనబడుతోందంటే సాఫ్ట్‌వేర్ బతికే ఉందని అర్థం. ఆ రోజు నేను తలూపి ఉంటే సీ డ్రైవ్‌లో ఉన్న బ్రష్‌లు, ఫాంట్లు, డెస్క్‌టాప్ మీద పెట్టుకున్న కస్టమర్ల స్కాన్‌లు అన్నీ పోయేవి. పైగా టీవీ తీగ అట్లాగే ఉండేది. రోగం ఏమిటో చూడకుండా కోత కోసేవాళ్లకి డబ్బులివ్వడం తప్పు. ఫోటో పోయిన ఇంట్లో ఆ మనిషి ముఖం మళ్లీ కనబడదు, ఆ బాధ నేను రోజూ చూస్తాను.

పెద్దాయన ఫోటో టైముకి ప్రింటుకి పంపాను. మర్నాడు షాపుకి ఫోన్ చేసి అసలు కారణం మొత్తం విడమరిచి చెప్పి, ఐదు వందలు వెనక్కి ఇమ్మన్నాను. "అది చెకింగ్ చార్జీ మేడమ్" అన్నారు. చెక్ చేసింది ఏమిటని అడిగితే లైన్ కట్ అయింది. మా ఫోటోగ్రాఫర్లలో ఎవరు అడిగినా ఇప్పుడు ఆ షాపుకి వెళ్లొద్దనే చెబుతున్నాను.