మెడలో చీటీ

నిన్న రాత్రి తిరుపతి కొర్లగుంటలో మా ఇంట్లో అందరం కూర్చుని ‘ప్యాడింగ్టన్’ చూశాం. 2014లో వచ్చిన సినిమా. పెరూ అడవి నుంచి ఒక ఎలుగుబంటి పిల్ల, మెడలో చీటీతో, చేతిలో పెట్టెతో లండన్ స్టేషన్‌లో దిగుతుంది. దానికి మాటలొచ్చు, మర్యాదా ఎక్కువే. తనవాళ్ళంటూ అక్కడ ఎవరూ లేరు. బ్రౌన్ కుటుంబం ఇంటికి తీసుకెళ్తుంది.

శేషాచలం కొండల పక్కన పెరిగినదాన్ని, ఎలుగుబంటి అంటే నాకు భయమే తెలుసు. నిన్న దాన్ని చూసి ఏడుపొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లండన్ నుంచి పల్లెలకు పంపేసిన పిల్లల మెడల్లో అలాంటి చీటీలే ఉండేవట. ఈ కథ రాసిన మైకేల్ బాండ్ మనసులో ఉన్నది ఆ పిల్లలే.

మా చెల్లెలి కూతురు ఆరో తరగతి కోసం మా దగ్గరికొచ్చి రెండు నెలలైంది. బట్టలు ఇంకా బ్యాగులోనే పెట్టుకునేది. ఏ పూటకాపూట తీసుకోవడం, మళ్ళీ జిప్ వేసేయడం. నేనెప్పుడూ అడగలేదు, అడిగితే బాధపడుతుందేమోనని.

సినిమా సగంలో నా చెయ్యి పట్టుకుని, “పెద్దమ్మా, దాన్ని వెనక్కి పంపరు కదా?” అంది.

“పంపరు నాన్నా,” అన్నాను.

పొద్దున లేచేసరికి బ్యాగు ఖాళీగా మంచం కింద ఉంది. బీరువా కింది అరలో, నా చీరల పక్కన, తన గౌన్లు.