మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్నవన్నీ అప్పు కథలే

నెల రోజులుగా ఎవరు కనిపించినా ఒకటే అడుగుతున్నాను, ఇప్పుడేం చదువుతున్నారు అని. బట్టలు కుట్టే ఆయన ఆదివారం పేపర్లో వచ్చే కథ ఒక్కటే చదువుతానన్నారు, మందుల కొట్టు అబ్బాయి ఫోన్లో ఏదో సీరియల్ చూపించి మూడొందల భాగాలయిందక్కా ఇంకా పెళ్లి కాలేదు అన్నాడు, ఇద్దరు ముగ్గురు తీరిక ఎక్కడ అన్నారు. మా ఇంట్లో, పక్కింట్లో మాత్రం ఈ ప్రశ్న పెద్ద చర్చకే దారి తీసింది, అదే రాద్దామని కూర్చున్నాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాం, బడిలో ఒడియా చదువుకున్నాం. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరిది. 1936లో ఒరిస్సా ప్రావిన్సు ఏర్పడి మా ఊరు అందులో కలిసినప్పుడు ఆయన ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు, మా తాతలు ఇక్కడే ఉండిపోయారు. నాకు తెలుగు అక్షరాలు వచ్చాయంటే అమ్మ పలక మీద దిద్దించబట్టే. నా తర్వాతి వాళ్లకి ఆ పలక కూడా లేదు. మా మేనకోడలు బరంపురంలో డిగ్రీ చదువుతోంది, తెలుగు గలగలా మాట్లాడుతుంది, బస్సు మీద తెలుగులో రాసిన ఊరి పేరు మాత్రం చదవలేదు. అది తలచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

మా పెద్దమ్మకైతే ఏ అక్షరాలూ రావు. రాత్రి భోజనాలయ్యాక చాటలో బియ్యం పోసుకుని రాళ్లేరుతూ కూర్చుంటుంది, నేను పక్కన కూర్చుని చదువుతాను. మొన్న మూడు రాత్రులు కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’ చదివాను. ఆయనే శ్రీకాకుళంలో 1997లో కథానిలయం అనే కథల లైబ్రరీ పెట్టారు కదా, వాళ్ల వెబ్‌సైటులో పాత పత్రికల కథలు స్కాన్ చేసి పెట్టారు, నా తెలుగు చదువు చాలావరకు అక్కడే సాగుతుంది. ‘యజ్ఞం’ మాత్రం పుస్తకమే ఉంది, అమ్మది, అట్ట ఊడిపోతే క్యాలెండర్ కాగితం వేసుకున్నాను.

కథ తెలిసిన వాళ్లకి తెలుసు. సుందరపాలెంలో అప్పల్రాముడి అప్పు మీద పంచాయితీ. శ్రీరాములునాయుడు పెద్దమనిషి, ధర్మం తప్పడని పేరు. పెద్దమ్మ మొదటి రెండు రాత్రులూ నాయుడి పక్షమే. “తీసుకున్న అప్పు తీర్సాలి గదేటి, నాయుడు సెప్పినదాంట్లో తప్పేటుంది?” అంది. నేను ఏమీ అనలేదు, ఎందుకంటే మొదటిసారి చదివినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. ఆ కథలో గొప్పతనం అదేనని నా అభిప్రాయం, నాయుడి మాటలు మనకి న్యాయంగానే వినబడతాయి, ఆయన వెంట తలూపుతూనే చివరి దాకా వెళ్తాం.

మూడో రాత్రి అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన కన్న కొడుకుని చంపి తెచ్చి పెద్దల ముందు పడేసిన చోటు చదువుతుంటే చాటలో చప్పుడు ఆగిపోయింది. చదవడం ఆపి చూశాను. పెద్దమ్మ గుప్పెట్లో బియ్యం పట్టుకుని ఉండిపోయింది, కాసేపటికి అదే గుప్పెడు చాటలో పోసి మళ్లీ మొదటి నుంచి ఏరడం మొదలుపెట్టింది. ఏమీ మాట్లాడలేదు. పొద్దున్న పొయ్యి దగ్గర అడిగింది, “ఒలే, ఆ గుంటడేటి సేసినాడే? కత్తి ఎత్తినోడు అప్పిచ్చినోడి మీద ఎత్తలేదేటి?”

ఈ ప్రశ్నకి పండితులు ఇచ్చిన జవాబులు ఉంటాయి. ఆ అప్పు కింద బానిసగా బతకడం కంటే కొడుక్కి చావు నయమని తండ్రి తేల్చాడు అని నేనూ చెప్పాను. పెద్దమ్మ ఒప్పుకోలేదు. ఆవిడ చిన్నప్పుడు వాళ్ల నాన్న నాగు ధాన్యం, అంటే పంటకి వడ్డీతో తిరిగి కొలిచే అప్పు ధాన్యం, తెచ్చేవాడట, పంట నూర్చగానే షావుకారు మనిషి కళ్లంలోనే కొలుచుకుని పోయేవాడట. అందుకే ఈ కథ ఆవిడకి పుస్తకంలో కథ కాదు.

పక్కింట్లో రిటైరైన ఒడియా మాస్టారు ఉన్నారు, తెలుగు మనకంటే స్పష్టంగా మాట్లాడతారు. ఆయన ఫకీర్ మోహన్ సేనాపతి ‘ఛ మాణ ఆఠ గుంఠ’ మళ్లీ చదువుతున్నారు, ఎన్నోసారో ఆయనకే లెక్క లేదు. 1897 నుంచి పత్రికలో వచ్చి 1902లో పుస్తకమైన నవల. పేరుకి అర్థం ఆరు మాణాల ఎనిమిది గుంటలు అనే పొలం కొలత. మాణం అంటే దాదాపు ఎకరం, దానికి ఇరవై అయిదు గుంటలు, కాబట్టి మన లెక్కలో ఆరెకరాల ముప్పై రెండు సెంట్లు. తెలంగాణ గుంటతో లెక్క వేయకండి, అక్కడ ఎకరానికి నలభై.

మాస్టారు మొదటి పేజీ ఒడియాలో చదివి వినిపించారు. జమీందారు రామచంద్ర మంగరాజు మహా భక్తుడట, ఏడాదికి ఇరవై నాలుగు ఏకాదశులే ఉన్నాయి గానీ నలభై ఉన్నా ఒక్కటీ వదలడట. చెప్పేవాడు మంగరాజుని పొగుడుతూనే ఉంటాడు, ఆ పొగడ్తల మధ్యలోనే భగియా, సారియా అనే సాలె దంపతుల పొలం పోతుంది, ఆవు పోతుంది, బతుకు పోతుంది. పిల్లలు లేని సారియాకి అమ్మవారి గుడి కడితే పిల్లలు పుడతారని ఆశ పెట్టి ఆ పొలం తాకట్టు పెట్టిస్తారు. “గుడి కోసమా!” అని పెద్దమ్మ నోరు నొక్కుకుంది. మాస్టారి అభిప్రాయంలో ఇంత ఘాటుగా ఎవరూ రాయలేదు. నాకు మాత్రం ఆ ఎకసెక్కం అన్ని చోట్లా నచ్చలేదు, సారియా ఏడుస్తున్న చోట కథ చెప్పేవాడు కాసేపు ఊరుకుంటే బాగుండేదనిపించింది. ఆ మాట అన్నందుకు మాస్టారు ఇప్పటికీ నాతో వాదిస్తున్నారు, రెండు కప్పుల టీ అయ్యాక కూడా.

పెద్దమ్మ అడిగిన ప్రశ్న చెబితే ఆయన లోపలికెళ్లి గోపీనాథ్ మహాంతి ‘పరజా’ తెచ్చి చేతిలో పెట్టారు. 1945 నాటి నవల. కొరాపుట్ కొండల్లో సుక్రు జాని అనే పరజా తెగ రైతు అటవీ శాఖ వాళ్లకి జరిమానా కట్టడానికి షావుకారు దగ్గర అప్పు చేసి గోతిగా మారతాడు. గోతి అంటే అప్పు కింద వెట్టి చేసేవాడు. కొడుకులూ అదే దారి పడతారు. మహాంతి ప్రభుత్వ ఉద్యోగిగా ఆ కొండల్లో తిరిగినవాడు, కాబట్టి ఇప్పపువ్వూ కోర్టు కాగితమూ రెండూ ఆయనకి దగ్గరగా తెలుసు. చివర్లో పెద్దకొడుకు మండియా గొడ్డలి ఎత్తుతాడు, షావుకారు మీదే ఎత్తుతాడు.

‘యజ్ఞం’లో కత్తి కొడుకు మీదికి వెళ్లింది, ‘పరజా’లో గొడ్డలి షావుకారు మీదికి వెళ్లింది. శ్రీకాకుళం, కొరాపుట్, మధ్యలో మేం. రెండు భాషల రచయితలు ఒకే అప్పు గురించి ఇంత వేరుగా ముగించారని పర్లాకిమిడిలో పుట్టి ఇన్నేళ్లకి గానీ నాకు తెలియలేదు, ఎందుకంటే మా ఊళ్లో తెలుగు చదివేవాళ్లు తెలుగే చదువుతాం, ఒడియా చదివేవాళ్లు ఒడియానే.

మేనకోడలికి ఫోన్లో చెబితే తనూ ‘పరజా’ ఇంగ్లీషులో మొదలుపెట్టింది. బిక్రమ్ దాస్ అనువాదం, వాళ్ల కాలేజీ లైబ్రరీలో దొరికిందట. మొదటి వంద పేజీలు నెమ్మదిగా ఉన్నాయి అత్తా అంది. వారం తర్వాత రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది, కోపంగా ఉంది. అందరూ తండ్రి గురించీ కొడుకు గురించీ మాట్లాడతారు, సుక్రు కూతురు జిలి గురించి ఎవరూ మాట్లాడరేం, అప్పులో మొదట పోయింది ఆ ఆడపిల్లే కదా అంది. పుస్తకం మళ్లీ తిరగేశాను. జిలిని అడిగితే సుక్రు ఒప్పుకోలేదనే కదా అడవి గార్డు పగబట్టి ఆ జరిమానా వేయించింది! నేను గొడ్డలి దగ్గరే ఆగిపోయాను, అమ్మాయి సరిగ్గానే చూసింది.

రాయగడ బావ ఒక్కడే వేరే పుస్తకం చదువుతున్నాడనుకున్నాను, రావిశాస్త్రి ‘అల్పజీవి’. భాష బాగుంది, సుబ్బయ్య భయం చూస్తే నాకే టెన్షన్ వచ్చింది అన్నాడు. తీరా చూస్తే ఆ సుబ్బయ్య కూడా కంట్రాక్టరు గవరయ్య దగ్గర డబ్బు తీసుకున్నవాడే.

ఇప్పుడు రాత్రిళ్లు ‘పరజా’ నడుస్తోంది. ఒడియా పుస్తకం ఒళ్లో పెట్టుకుని మనసులో తెలుగు చేసుకుంటూ చెబుతాను, తడుముకుంటే పెద్దమ్మే మాట అందిస్తుంది. నిన్న సుక్రు జాని షావుకారింటికి బయల్దేరిన చోట ఆపాను. “ఎల్లొద్దని సెప్పవే ఆడికి” అంది. గొడ్డలి సంగతి ఆవిడకి ఇంకా చెప్పలేదు.