ఏఎంవీఐ ప్రిపరేషన్‌లో నన్ను తిప్పలు పెట్టిన ఎయిర్ బ్రేకు

అసిస్టెంట్ మోటార్ వెహికల్ ఇన్‌స్పెక్టర్ పరీక్షకు చదువుతున్న మిత్రులకు నమస్కారం. ఎయిర్ బ్రేకుల అధ్యాయాన్ని మూడుసార్లు చదివి, కంప్రెసర్ నుంచి స్లాక్ అడ్జస్టర్ (బ్రేకు అరిగేకొద్దీ వచ్చే వదులును సరిచేసే భాగం) వరకు భాగాల పేర్లన్నీ వరుసగా అప్పజెప్పగలిగిన తరువాత కూడా, ట్యాంకుల్లోని గాలి పూర్తిగా కారిపోతే స్ప్రింగ్ బ్రేకు ఏమవుతుందన్న ప్రశ్నకు నమూనా పరీక్షలో నేను తప్పు సమాధానం గుర్తించాను. గాలి లేనిదే బ్రేకు లేదనుకున్నాను. నిజానికి అక్కడ బ్రేకు పట్టేది స్ప్రింగు. దానిని అణచి ఉంచడమే గాలి పని. తెల్లవారుజామున లారీ స్టార్ట్ చేసిన డ్రైవరు గాలి ఎక్కేదాకా బండి కదిలించకుండా కూర్చోవడం చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నా, ఆ దృశ్యానికీ ఈ పాఠానికీ సంబంధం ఉందని నాకు తట్టలేదు.

పీడనాన్ని ఒంటరి అంకెగా చదవడమే నా పొరపాటుకు మూలం. చక్రం దగ్గరి బ్రేకు ఛాంబర్ (గాలి గది)లో, బ్రేకును పట్టించే కడ్డీ అయిన పుష్‌రాడ్‌ను తోసే బలం, డయాఫ్రమ్‌కు (గాలి నెట్టే పొరకు) ఇరువైపులా ఉన్న పీడనాల తేడాను దాని వైశాల్యంతో గుణిస్తే వస్తుంది. టైప్ 30 ఛాంబర్ అంటే 30 చదరపు అంగుళాల ప్రభావ వైశాల్యం కలది కాబట్టి, 60 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) వద్ద అది 1,800 పౌండ్ల బలం ఇస్తుంది. అదే బలాన్ని వాక్యూమ్‌తో, అంటే ఒకవైపు గాలిని తీసేసి, రాబట్టాలంటే, అక్కడ ఆచరణలో దొరికే తేడా సుమారు 10 పీఎస్ఐ మాత్రమే కనుక 180 చదరపు అంగుళాలు, అంటే దాదాపు 15 అంగుళాల వ్యాసం గల డయాఫ్రమ్ కావాలి. భారీ వాహనాలకు ఎయిర్ బ్రేకు ఎందుకన్న ప్రశ్నకు నేను బట్టీపట్టిన నాలుగు పాయింట్ల కంటే ఈ ఒక్క లెక్క ఎక్కువ పనికివచ్చింది.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక మెకానిక్ దగ్గర గడిపిన మధ్యాహ్నం రెండో సందేహం తీరింది. డ్యాష్‌బోర్డు మీటరు దాదాపు 8 బార్ చూపిస్తున్నప్పటికీ అది ట్యాంకులోని పీడనమే తప్ప ఛాంబర్‌కు చేరినది కాదని, పెడల్‌ను కొద్దిగా నొక్కితే కొద్ది పీడనమే చక్రం దాకా వెళుతుందని ఆయన ఓపికగా చూపించారు. రిలే వాల్వు కూడా ఈ తేడాతోనే నడుస్తుంది: పెడల్ నుంచి వచ్చిన సంకేత పీడనం ఛాంబర్ వైపు పీడనం కంటే ఎక్కువైతే దగ్గరలోని ట్యాంకు గాలిని వదులుతుంది, తక్కువైతే ఛాంబర్ గాలిని బయటికి పంపేస్తుంది. పొడవైన బండిలో వెనుక చక్రాల బ్రేకు ఆలస్యం కాకుండా చూసేది ఇదే.

అమెరికాలో వాణిజ్య డ్రైవింగ్ లైసెన్సు కోసం రాష్ట్రాలు ఉచితంగా ఇచ్చే మాన్యువల్ కూడా చదవండి. పీడనం 20 నుంచి 45 పీఎస్ఐకి పడిపోయేసరికి స్ప్రింగ్ బ్రేకులు పూర్తిగా పట్టేస్తాయన్న సంగతి నాకు అందులోనే స్పష్టమైంది. అయితే బార్, పీఎస్ఐల మార్పిడి చేతికి అలవాటు కావాలి: ఒక బార్ అంటే సుమారు 14.5 పీఎస్ఐ. ఇక మీటరులో పీడనం సరిగ్గానే ఉండి బ్రేకు మాత్రం బలహీనంగా ఉందని ప్రశ్న వస్తే, వాల్వుల జోలికి పోయే ముందు పుష్‌రాడ్ స్ట్రోక్ (అది కదిలే దూరం) పెరిగిందేమో, అంటే స్లాక్ అడ్జస్టర్ సంగతేమిటో ఆలోచించండి.