సర్పి, డయాలసిస్, ఈ త్రైమాసికపు ప్రశ్నలు

బుధవారం.

ఇవాళ డయాలసిస్ యూనిట్లో రౌండ్స్. మిషన్‌ మీద ఉన్న ఒక పెద్దాయన, ఎడమ పక్కటెముకల దగ్గర రెండు రోజులుగా ఒకటే మంట అన్నాడు. చొక్కా ఎత్తి చూస్తే ఒక పక్కనే, పట్టీ వేసినట్టు నీటిపొక్కులు. సర్పి. దాన్ని గుర్తుపట్టడానికి నెఫ్రాలజీ (కిడ్నీ వైద్యం) అక్కర్లేదు, మందు రాయడానికి కావాలి. వాలసైక్లోవిర్ మామూలుగా 1 గ్రాము చొప్పున రోజుకు మూడుసార్లు ఇస్తాం. కిడ్నీలు పనిచేయని మనిషికి అంత ఇస్తే ఒంట్లో పేరుకుపోయి, తికమకపడతాడు, లేనివి కనిపిస్తాయి. ఈయనకు రోజుకొక్కసారి 500 మిల్లీగ్రాములు, డయాలసిస్ ఉన్న రోజు అది పూర్తయ్యాక. డాక్టరుగారితో మాట్లాడి రాశాను.

మధ్యాహ్నం కాస్త తీరిక దొరికితే నా సర్టిఫికెట్ నిలుపుకోవడానికి రాసే పరీక్ష, పాన్రే-ఎల్ఏ ప్రశ్నలు కొన్ని చేశాను. మాలాంటి ఫిజీషియన్ అసిస్టెంట్లకు (పీఏలు, అంటే డాక్టర్లతో కలిసి పేషెంట్లను చూసి మందులు రాసేవాళ్ళం) అమెరికాలోని సర్టిఫికేషన్ సంస్థ ఎన్‌సీసీపీఏ ఇచ్చే సర్టిఫికెట్ గడువు పదేళ్ళు. ఈలోగా రెండేళ్ళకోసారి 100 సీఎంఈ (ఉద్యోగంలో ఉంటూ కొనసాగించే వైద్య చదువు) క్రెడిట్లు చూపించాలి, చివర్లో రీసర్టిఫికేషన్. సెంటర్‌కి వెళ్ళి ఒక్కరోజులో 240 ప్రశ్నలు రాసేయొచ్చు. నేను 2023లో మొదలైన రెండో దారి, ఈ పాన్రే-ఎల్ఏ పట్టాను: మూడు నెలలకు 25 ప్రశ్నలు, ఒక్కోదానికి అయిదు నిమిషాలు, పుస్తకం చూసుకోవచ్చు. జవాబు ఇవ్వగానే అది ఎందుకు ఒప్పో, ఎందుకు తప్పో వివరంగా వస్తుంది. నాకు ఆ వివరణే ఇష్టం. పన్నెండు త్రైమాసికాల్లో బాగా చేసిన ఎనిమిదే లెక్కలోకి వస్తాయి కాబట్టి టెన్షన్ కూడా తక్కువ. ప్రశ్నలు మాత్రం మన విభాగం ఒక్కదాన్నుంచే కాదు, అన్నిటి నుంచీ వస్తాయి.

"కిడ్నీలు చూసేవాళ్ళకి చంటిపిల్లల చెవిపోటు సంగతెందుకు?" అని తోటి పీఏలు విసుక్కుంటారు. నేను ఒప్పుకోను. పేషెంటు మన స్పెషాలిటీ చూసుకుని జబ్బు తెచ్చుకోడు.

నెఫ్రాలజీ సీఏక్యూ (ఒక విభాగంలో నైపుణ్యానికి అదే సంస్థ ఇచ్చే అదనపు సర్టిఫికెట్) కూడా చేయాలని ఉంది. 2011లో ఈ అదనపు అర్హతను మొదలుపెట్టిన అయిదు విభాగాల్లో మాదీ ఒకటి. ఆ విభాగంలో పనిచేసిన గంటలు, క్రెడిట్లు, మన పని తెలిసిన డాక్టరు ధ్రువీకరణ, ఆపైన పరీక్ష. దీనివల్ల లైసెన్సేమీ మారదు, జీతం పెరుగుతుందన్న హామీ లేదు. అయినా ఇన్నేళ్ళు నేర్చుకున్నదానికి ఒక రుజువు ఉండాలని నా కోరిక. మా దగ్గర లీడ్ పీఏ పోస్టు ప్రకటనలోనూ "సీఏక్యూ ఉంటే ప్రాధాన్యం" అని పెట్టారు.

ప్రాధాన్యం వరకు సరే. అది ఉంటేనే ఉద్యోగం అనే రోజు మాత్రం రాకూడదు. నేను ఆర్థోపెడిక్స్ నుంచి ఇక్కడికి మారాను. అప్పుడే సీఏక్యూ అడిగి ఉంటే నన్నెవరు తీసుకునేవారు? ఉద్యోగమే లేకపోతే ఆ గంటలు ఎక్కడ పనిచేసి చూపించాలి? చదివిన చదువుతోనే ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి వెళ్ళగలగడం మా వృత్తికున్న పెద్ద బలం. కొత్తగా వచ్చే పిల్లలకు కూడా అది మిగలాలి.

లీడ్ పోస్టుకు అప్లికేషన్ ఈ రాత్రే పంపేస్తాను. ధ్రువీకరణ సంగతి రేపు రౌండ్స్ మొదలవకముందే డాక్టరుగారిని అడగాలి.