మైపాడులో జెల్లీ చేప

"దాన్ని ముట్టుకోబాక అబ్బయ్యా, చెయ్యంతా దురద పుడతాది" అని మామ అరిచేలోపే ముట్టేసుకున్నా.

పొద్దున మైపాడులో వల లాగితే నాలుగు కవళ్ళు, మిగతాదంతా జెల్లీ చేపలే. నీళ్ళు నింపిన పాలిథిన్ కవర్‌లా ఇసకలో పడుందొకటి. మామ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను గానీ, నా పీహెచ్‌డీ మొత్తం దీని చుట్టం పెట్టిన భిక్షే.

అచ్చం ఇది కాదులెండి, పసిఫిక్‌లో ఉండే ఈక్వోరియా అనే జెల్లీ చేప. 1962లో షిమోమురా అనే శాస్త్రవేత్త వాళ్ళు దాన్నుంచి పచ్చగా వెలిగే ప్రొటీన్ తీశారు. దానికి క్యాల్షియంను పట్టుకునే ఇంకో ప్రొటీన్ అతికించి, ఆ జంటని తయారు చేసే జన్యువుని న్యూరాన్‌లోకి, అంటే మెదడు కణంలోకి పంపితే కణమే దాన్ని తయారు చేసుకుంటుంది, అదే మేం వాడే జీక్యాంప్. న్యూరాన్ ఫైర్ అయితే, అంటే స్పైక్ అనే చిన్న కరెంటు సంకేతం పుడితే, లోపలికి క్యాల్షియం వస్తుంది, వెలుగు పెరుగుతుంది. చిక్కేంటంటే స్పైక్ ఒక మిల్లీసెకనులో అయిపోతుంది, వెలుగు మాత్రం తాపీగా ఆరుతుంది, వెంటవెంటనే మూడు స్పైకులొస్తే కలిసిపోయి ఒకే ముద్ద. ఆ ముద్ద విడదీయడానికే నా రాత్రులన్నీ పోతున్నాయి.

ఫోన్లో జీబ్రాఫిష్ పిల్ల మెదడు వీడియో చూపించా. మామ కళ్ళు చికిలించి, "మిణుగురుల్లాగున్నాయే. అదేం ఆలోచిస్తా ఉందో తెలుస్తాదా?"

"తెలీదు మామా. ఏ కణం ఎప్పుడు వెలిగిందో తెలుస్తుంది."

"మరేం లాభం" అని వల దులుపుకోవడానికి వెళ్ళిపోయాడు.

పోయిన నెల నా పరిశోధనని పరిశీలించిన ఒక రివ్యూయరూ ఇదే అడిగాడు, ఇంత మర్యాదగా మాత్రం కాదు.

చెయ్యి ఇంకా దురదే.